పదిహేను ఇంచుల సైకిలు

సైకిలు ముందు ఫోర్కులో స్ప్రింగు ఎట్లా పనిచేస్తుందో నేను జొన్నరొట్టెలు తడుతూ నేర్చుకున్నాను. ఫోనును పిండిడబ్బాకు ఆనించి పెట్టాను. అందులో ఒకాయన రాళ్లదారిలో సైకిలు తొక్కుతూ, దాని ముందుభాగం ఎట్లా కుంగి లేస్తుందో చూపిస్తున్నాడు. సరిగ్గా అప్పుడే పెనం మీద నా రొట్టె కూడా పొంగి, ఉస్సుమని కుంగింది. నాకు నవ్వొచ్చింది. పెళ్లయి ఐదు నెలలైనా నాకింకా ఇట్లా ఊరికే నవ్వొస్తుంది. పరమేష్ చాయ్‌ని సాసర్‌లో పోసుకుని ఊదుతుంటే నవ్వొస్తుంది. అతని చొక్కాలు ఆరేసిన తీగ మీద నా చున్నీ ఒకటి గాలికి వెళ్లి వాటికి చుట్టుకుంటే, తీయకుండా కాసేపు నిలబడి చూస్తాను.

"రొట్టె మాడుతాంది, ఏం జూస్తున్నవ్ గంతగనం?" అంది మా అత్తమ్మ గుర్వమ్మ.

"సైకిల్ అత్తమ్మా. దీన్ని హార్డ్‌టెయిల్ అంటరు. ముందర ఊగుతది, వెనక ఊగదు."

"పొట్టేలు తల ఊపినట్టా?"

"అచ్చం గట్లనే."

అత్తమ్మ ఫోను వైపు ఒకసారి చూసి, మాడిన రొట్టెను నా వాటా కింద పక్కకు పెట్టి వెళ్లిపోయింది. గొర్రెల వెంట పోయే మామకు మూడు, పరమేష్ టిఫిన్ డబ్బాలోకి నాలుగు, అత్తమ్మకు రెండు, మాడినవీ చిరిగినవీ నాకు. ఎవరూ పెట్టిన రూలు కాదు. పెనం దగ్గర నిలబడ్డ మనిషికి అట్లా మిగులుతుంది, అంతే.

నాది పోస్టాఫీసు ఉద్యోగం. డిగ్రీ అయిపోయిన ఏడాదికి, పదో తరగతి మార్కుల మీద వచ్చింది. ఉద్యోగం దేవరకొండ అవతల ఈ గుట్టల ఊళ్లో వచ్చింది కాబట్టే మా నాయిన సంబంధం కూడా ఈ ఊళ్లోనే వెతికాడు. ఆ రకంగా పరమేష్‌ను నాకు పోస్టులో పంపారని నేను అంటుంటాను. ఈ ఉద్యోగానికి సైకిలు తొక్కడం వచ్చి ఉండాలని నిబంధన ఉంది. ఆ కాగితం మీద నవ్వుతూ సంతకం పెట్టాను. మాది హాలియా. సాగర్ కాలువ కట్ట మీద, మా నాయిన సైకిలు బార్ కింద నుంచి కాలు దూర్చి తొక్కిన పిల్లను నేను. కానీ కాలువ కట్ట బల్లపరుపుగా ఉంటుంది. ఇక్కడ నేను ఉత్తరాలు పంచాల్సిన రెండు తండాలూ గుట్టకు అవతల ఉన్నాయి. తారురోడ్డు మీద చుట్టూ తిరిగిపోతే పదకొండు కిలోమీటర్లు. గుట్ట భుజం మీదుగా గొర్రెలు నడిచే బాట పట్టుకుంటే నాలుగే. ఆ బాట నిండా పిడికెడంత రాళ్లు.

కాబట్టి నన్ను పరమేష్ బండి మీద దించాలి. అతను మల్లేపల్లిలో ఎరువుల దుకాణంలో పనిచేస్తాడు. పొద్దున నన్ను పోస్టాఫీసు దగ్గర దించి తన పనికి పోతాడు. తండాలకు మాత్రం అతనికి వీలైన రోజునే. ఈ ఐదు నెలల్లో నేను మోసిన ఉత్తరాలకంటే "వస్తడేమో" అని ఎదురుచూసిన గంటలే ఎక్కువ. తనిఖీకి వచ్చిన పై ఆఫీసరు, నా కాళ్లు నేలకు అందని ఆ పెద్ద కుర్చీలో తను కూర్చుని, "కొలువు మీ ఆయనకిస్తే సరిపోయేది కదమ్మా" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. ఇంట్లో మామ కురుమయ్య నా పనిని "కూసోని ముద్ర గొట్టే కొలువు" అంటాడు. ఆ మాటలో దురుసుతనం ఉండదు. మురిపెమే ఉంటుంది. కోడలు ఎండలో పడకుండా నీడపట్టున ఉందని ఆయన సంతోషం. తెల్లవారుజామున గొర్రెల దొడ్డి ఊడ్చి, తట్టెడు పెంటికలు దిబ్బకు మోసి, నీళ్లు పట్టి, రొట్టెలు చేసి, తొమ్మిదింటికి పరుగెత్తుకుంటూ పోయి ఆ కుర్చీలో కూలబడే నా నడుముకు ఆ నీడ సంగతి తెలుసు. అయినా నాకు వాళ్ల మీద కోపం ఉండేది కాదు. కొత్త కాపురం కదా, అన్నీ బాగుండేవి. దొడ్డి ఊడుస్తుంటే ఒక గొర్రెపిల్ల వచ్చి నా కొంగు నమిలినా బాగుండేది.

శోభ ఉత్తరం దాకా.

శోభ తండా అమ్మాయి. ఇంటర్ అయిపోయింది. ఆమెకు నర్సింగు కాలేజీ నుంచి రిజిస్టర్డ్ ఉత్తరం మంగళవారం వచ్చింది. ఆ రోజూ మర్నాడూ పరమేష్ దోస్తు పెళ్లికని నార్కట్‌పల్లి పోయాడు. బుధవారం నడిచైనా పోదామని చెప్పులేసుకుంటుంటే అత్తమ్మ చెల్లెలు పిల్లలతో దిగింది. "ఒక్క పూట ఉత్తరం పోకుంటే ఏమైతది బిడ్డా, పొయ్యి ముట్టియ్యి" అంది అత్తమ్మ. గురువారం గ్యాస్ సబ్సిడీ కాగితాల కోసం ఊరంతా పోస్టాఫీసుకే వచ్చింది. శుక్రవారం పొద్దున పరమేష్ నన్ను తండాకు తీసుకుపోయాడు. శోభ వాకిట్లోనే కవరు చింపి చదువుకుంది. సర్టిఫికెట్లు తీసుకుని గురువారం రమ్మని ఉందట.

"నిన్ననే ఉండె అక్కా" అంది.

ఆ తర్వాత, ఎండన పడి వచ్చావు కదా, మంచినీళ్లు తాగుతావా అని అడిగింది. ఆ పిల్ల తిట్టి ఉంటే నేను ఎప్పుడో ఒకప్పుడు మరిచిపోయేదాన్ని. ఇప్పటికీ నీళ్ల గ్లాసు పట్టుకుంటే గుర్తొస్తుంది. బండి మీద తిరిగి వస్తుంటే పరమేష్ "నీ తప్పేమున్నది నిరోషా" అన్నాడు. నిజమే. నా తప్పు లేదు, అతని తప్పు లేదు, అత్తమ్మ తప్పు లేదు. ఎవరి తప్పూ లేకుండానే ఒక అమ్మాయి ఏడాది పోయింది. నేను నా కాళ్ల మీద ఆ గుట్ట దాటగలిగి ఉంటే పోయేది కాదు. ఈ మాట ఎంత తిప్పి చూసుకున్నా మారలేదు.

ముందు పక్కింటి పుష్పమ్మ బిడ్డ బుట్ట సైకిలు అడిగి తీసుకుని గుట్ట బాట ఎక్కాను. రెండో రోజే ముందుచక్రం అప్పడంలా వంకరపోయింది. సైకిలును భుజాన మోసుకుంటూ దిగుతుంటే మామ మంద ఎదురైంది. గొర్రెలన్నీ ఆగి నన్ను చూశాయి. మామ తల పక్కకు తిప్పుకుని దగ్గాడు, నవ్వు ఆపుకోవడానికి. స్కూటీ అనుకున్నాం కానీ ఆ రాళ్లకు దాని కడుపు తగులుతుందని పరమేష్ అన్నాడు, ధర కూడా మా అందుబాటులో లేదు. అట్లా నేను రొట్టెల దగ్గర కొత్త చదువు మొదలుపెట్టాను.

ఆ చదువు ఎంత బాగుందో చెప్పలేను. తక్కువ ధరలో ముందూ వెనకా రెండు చోట్లా స్ప్రింగులున్న సైకిలు కొనవద్దట. చూడటానికి సినిమా బండిలా ఉంటుంది కానీ బరువెక్కువ, మన కాలిబలం వెనక స్ప్రింగే తినేస్తుంది. మన డబ్బుకు ముందు ఒక్క స్ప్రింగు చాలు. ఇరవై ఒక్క గేర్లని మురిసిపోవద్దు, సులభంగా ఎక్కించే చిన్న గేరు ఒకటి ఉంటే చాలు. దిగుడులో పట్టే డిస్క్ బ్రేకులు, గరుకు పట్టు ఉన్న వెడల్పు టైర్లు చూసుకోవాలి. టైరు పాతబడితే మార్చుకోవచ్చు, బ్రేకు మార్చుకోవచ్చు, సీటు మార్చుకోవచ్చు. మార్చలేనిది ఒక్కటే, ఫ్రేము. అది తొక్కే మనిషి కాలి పొడవుకు సరిపోవాలి. మిగతా ఎంత గొప్పదైనా ఫ్రేము సరిపోకపోతే ఆ సైకిలు మనది కాదు. ఒక వీడియోలో ఆ మాట చెప్పిన అమ్మాయి ఏ రాష్ట్రం పిల్లో కానీ, ఆమెను ఫోనులోంచి తీసి ఒక రొట్టె పెట్టాలనిపించింది.

కాలి పొడవు కొలవడానికి ఒక పద్ధతుంది. చెప్పులు లేకుండా గోడకు వీపు ఆనించి నిలబడి, రెండు కాళ్ల మధ్య ఒక లావు పుస్తకం పైదాకా బిగించి, దాని అంచు దగ్గర గోడ మీద గీత గీయాలి. నేను నా పోటీపరీక్షల గైడు బిగించుకుని నిలబడ్డాను. పరమేష్ పెన్సిల్ పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇద్దరం నవ్వి నవ్వి గీత మూడుసార్లు తప్పాం. అప్పుడే అత్తమ్మ లోపలికి వచ్చి, మమ్మల్ని చూసి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. అరవై ఎనిమిది సెంటీమీటర్లు వచ్చింది. అంటే నాకు పదిహేను ఇంచుల ఫ్రేము. ఆ అంకెను రోజంతా మనసులో అనుకుంటూ తిరిగాను. పుట్టినప్పటి నుంచి నన్ను జాకెట్లకు కొలిచారు, పెళ్లిచూపుల్లో పిల్లవాడి పక్కన ఎత్తుకు కొలిచారు. నేను ఎంత దూరం పోగలనో తెలుసుకోవడానికి నా కాలును కొలవడం ఇదే మొదటిసారి.

డబ్బు నాదే. మా కులంలో ఆడపిల్లను అత్తగారింటికి పంపేటప్పుడు రెండు గొర్రెలను వెంట పంపుతారు. వాటి చెవి అంచున ఆ పిల్ల పేరు మీద వేరే గుర్తు కోస్తారు. అత్తగారి మందలో కలిసినా అవి ఆమెవే, వాటి పిల్లలూ ఆమెవే. నావి చెరొక పొట్టేలు పిల్లతో వచ్చాయి. ఆ రెండు పొట్టేళ్లనూ బక్రీదు ముందు మామే అమ్మి పెట్టాడు, పద్దెనిమిది వేలు వచ్చాయి. "నీ పైసలే బిడ్డా, నీకు సైకిలే కొందాం" అన్నాడు. ఆయన మాట మీద నిలబడే మనిషి. అయితే ఆ ఇంట్లోకి కొనే ఏ జీవమైనా, ఏ బండైనా ఆయన చెయ్యి పడకుండా రాదు.

అట్లా ఆదివారం నలుగురం నల్లగొండ పోయాం. అత్తమ్మ మోకాళ్ల మందుకు దవాఖాన పని పెట్టుకుంది. సైకిళ్ల దుకాణం నడిపే వెంకన్న, మా మామకు పాత ఎరుక. సైకిళ్లు పెట్టకముందు గొర్రెల అంగట్లో దళారీ చేసేవాడట. దుకాణంలో అడుగుపెట్టగానే నాకు ముందు ఎటు చూడాలో తెలియలేదు. ఎరుపు, నీలం, బూడిదరంగు, వరుసగా కొమ్ముల్లాంటి హ్యాండిళ్లు. మామకు కూడా అంగడిలాగే కనిపించినట్టుంది. ఒక్కో సైకిలు వీపు నొక్కి చూశాడు. వెనకచక్రం ఎత్తి వదిలాడు. గొలుసు పక్కకు జరిపి, పళ్లు చూసి గొర్రె వయసు చెప్పినట్టు, పళ్లచక్రం మీద వేలు పెట్టి, "పండ్లు మంచిగున్నయి, ఈడు మీద ఉన్నది" అన్నాడు. నేను, పరమేష్, వెంకన్న ముగ్గురం పగలబడి నవ్వాం.

నాకు కావలసినవన్నీ ఉన్న సైకిలు ఒకటి దొరికింది. బూడిదరంగు, ముందు స్ప్రింగు, డిస్క్ బ్రేకులు, మా డబ్బుకు లోపలే. వెంకన్న దాన్ని దించి పరమేష్‌ను ఎక్కమన్నాడు. పరమేష్ దుకాణం ముందు ఒక చుట్టు తిరిగి వచ్చాడు. జుట్టు ఎగురుతుంటే ఎంత బాగున్నాడో. నేను చప్పట్లు కొట్టాను. ఆ మురిపెంలో నేను ఫ్రేము సైజు అడగడం మరిచిపోయాను. తిరిగి చూసేసరికి మామ భుజం మీది తువ్వాల దించి తన చేతి మీద కప్పాడు. వెంకన్న చెయ్యి దాని కిందకు పోయింది.

గొర్రెల బేరం అట్లాగే చేస్తారు. ధర నోటితో చెప్పరు. తువ్వాల కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని నొక్కుతారు, ఏ వేలికి ఎంతో వాళ్లకే తెలుసు. చేతులు కలిసి బయటికి వచ్చాయంటే బేరం అయిపోయినట్టు. ఆ తర్వాత వెనక్కి పోయినవాడికి అంగట్లో పరువుండదు. చేతులు బయటికి వచ్చాయి. ఇద్దరూ నవ్వుతున్నారు.

అప్పుడు నేను ఎక్కాను. కాలి వేళ్ల కొసలు మాత్రమే నేలకు ఆనాయి. సీటు మీంచి ముందుకు దిగి నిలబడితే బార్ నొప్పెట్టేంత గట్టిగా తగిలింది. ఫ్రేము కింద అంకె చూశాను. పద్దెనిమిది.

"సీటు దించుత బిడ్డా" అన్నాడు వెంకన్న. చిన్న సైజు కావాలంటే హైదరాబాదు నుంచి తెప్పించాలి, పది రోజులు పడుతుందన్నాడు.

"సీటు దిగుతది. బార్ దిగదు" అన్నాను.

పరమేష్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "గిదైతే ఇంట్ల అందరికి పనికొస్తది నిరోషా. ఆదివారం నేను గూడ తొక్కుత. నువ్వు అలవాటు పడ్తవ్ తియ్యి."

ఎంతో ప్రేమగా అన్నాడు. అందుకే ఆ మాట నాలోపల ఎక్కడో తగిలి అక్కడే ఆగిపోయింది. తిట్టిన మాటయితే తోసేయొచ్చు. నేను అలవాటు పడ్డవన్నీ ఒక్కసారిగా వరుసకట్టాయి. కాళ్లు అందని పోస్టాఫీసు కుర్చీకి అలవాటు పడ్డాను. పీట వేసుకుంటే తప్ప చెయ్యి అందని వంటింటి అటకకు అలవాటు పడ్డాను. నా ఫోను ఇంటిల్లిపాదిదీ, నా ఆదివారం వచ్చినవాళ్లందరిదీ. చిన్నప్పుడు మా నాయిన సైకిలు బార్ కింద నుంచి ఒళ్లంతా మెలితిప్పి తొక్కి, అదే తొక్కడం అనుకున్నాను. అందరికీ సరిపోయేది అని తెచ్చిన ఏ వస్తువూ ఎందుకో నాకు ఒక్కదానికీ సరిపోదు. ఈ సైకిలు తీసుకుంటే ఏమవుతుందో నాకు కళ్లకు కట్టింది. గుట్ట దిగుడులో ఒకసారి పడతాను. పడితే "చెప్పినం కదా" అంటారు. సైకిలు పరమేష్‌ది అవుతుంది, నేను బండి మీద వెనక కూర్చుంటాను, తండాలో ఇంకెవరో కవరు చింపి, నిన్ననే ఉండె అక్కా అంటారు.

"మామా, గీ సైకిల్ నాకొద్దు" అన్నాను.

పరమేష్ చెయ్యి నా భుజం మీదనుంచి జారింది. అత్తమ్మ గడప దగ్గర స్టూలు మీద కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటున్నదల్లా ఆపింది.

"చెయ్యి గలిసింది బిడ్డా" అన్నాడు మామ, చాలా నెమ్మదిగా. కోపం లేదు. భయం ఉంది. నలభై ఏళ్లలో ఆయన కలిపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదని ఊరంతా చెబుతుంది. అయినా ఆయన మాట ఆయనకే చెప్పాలి, నా దగ్గర వేరే మాట లేదు.

"ఒకల గుర్తున్న గొర్రెకు ఇంకొకలు చెయ్యి పెట్టొద్దని నువ్వే అంటవ్ కద మామా. పొట్టేళ్లు నా గుర్తువి. చెయ్యి ఎవలిది గలిసింది?"

మామ నన్ను చూడలేదు. ఆ సైకిలును చూశాడు. తువ్వాలను ఒకసారి విదిలించి, మడిచి, మళ్లీ విప్పి భుజాన వేసుకున్నాడు.

"తప్పు నాదే వెంకన్నా" అన్నాడు. "గొర్రె నాది గాదు. చెయ్యి పెట్టుడే తప్పు."

వెంకన్న బిత్తరపోయి, వెంటనే నవ్వి, అయితే ఇప్పుడు బేరం ఎవరితో అని అడిగాడు. పరాయి ఆడపిల్లతో తువ్వాల కింద చెయ్యి కలపలేడు పాపం. నేను ధర నోటితోనే చెప్పాను, గట్టిగా, పంచరు వేయించుకుంటున్నవాళ్లు కూడా తిరిగి చూసేటట్టు. మామ ఎంతకు కలిపాడో నాకు తెలియదు. నేను చెప్పిన ధరకు ఆయన కనుబొమ్మలు లేచాయి, అంటే అంతకంటే తక్కువే చెప్పినట్టున్నాను. వెంకన్న తల గోక్కుని ఒప్పుకున్నాడు. పదిహేను ఇంచులది, బూడిదరంగు, పది రోజులు. బయానా ఇచ్చాను. పరమేష్ కాసేపు మూతి ముడుచుకుని గాలి పంపు దగ్గర నిలబడ్డాడు. తర్వాత మెల్లగా వచ్చి, మరి తనకు ఎన్ని ఇంచులది సరిపోతుందని వెంకన్నను అడిగాడు. నాకు మళ్లీ నవ్వొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు.

బస్టాండులో దేవరకొండ బస్సు కోసం కూర్చున్నాం. మామ వెంకన్న ఇచ్చిన చాయ్ తాగలేదు, ఇక్కడ పరమేష్ తెచ్చిందీ తాగలేదు. ఆయన పరువు నా వల్ల పోయిందని నాకు బాధగా ఉంది, పది రోజులు లెక్కపెట్టుకుంటుంటే సంతోషంగానూ ఉంది. రెండూ ఒకేసారి ఉండొచ్చని నాకు అంతవరకు తెలియదు. ఆయనతో ఏదైనా మాట్లాడాలని మాట కోసం వెతుక్కుంటుంటే, అత్తమ్మ ఆయన వైపు తిరిగింది.

"ఇగో, మా నాయిన నా వెంబడి రెండు గొర్లు పంపిండు. యాదున్నదా?"

మామ తలెత్తాడు.

"వాటి సంతు ఇప్పుడు మందల ఎన్నున్నయ్?"

ముప్పై ఏళ్ల మంద. మామ కళ్లు మూసుకుని, బొటనవేలితో ఒక్కో కణుపూ తాకుతూ లెక్క మొదలుపెట్టాడు. ఒక చెయ్యి అయిపోయింది. రెండో చెయ్యీ అయిపోయింది. మళ్లీ మొదటి చేతికి వచ్చాడు.

దేవరకొండ బస్సు వచ్చి ఆగింది. పరమేష్ సంచి తీసుకుని లేచాడు. అత్తమ్మ లేవలేదు. మామ వేళ్ల వైపే చూస్తూ కూర్చుంది. నేనూ కూర్చున్నాను.